పురమందిరపు తాళపుచెవి యెవరిది?

దానముగా వచ్చిన గోవుకు పండ్లు లెక్కింపరాదని మనవారు చెప్పుదురు. పెరటిలో కట్టుకొను గోవు విషయమున నీ మాట మర్యాదకు తగినదే. కాని యీ సామెతనే ఊరుమ్మడి దానములకును వర్తింపజేయుట మనలో పరిపాటియైనది. ధనికు డొకడు సభామందిరమును కట్టించును. ద్వారముపై తన పేరు చెక్కించుకొనును. ప్రారంభదినమున మేళతాళములు మ్రోగును, పూలమాలలు పడును. ఆ మందిర మెవరి సొత్తు? అం దెవరు మాటలాడవచ్చును? ఎవరిని గడప దాటనీయరు? అని యెవ్వరైన నడిగినచో, "ఇచ్చినవానినే తప్పుపట్టుదురా?" యని పదిమందియు వారిపై లేతురు. ఊరి కిచ్చిన దానమునకు పండ్లు లెక్కించియే తీరవలెనని నా వాదము. ఇంగ్లాండులోని యొక పురమందిరపు చరిత్రను నిదర్శనముగా గైకొనెదను. అది నూలు వ్యాపారపు ధనముతో లేచిన మందిరము గనుక మనకు బొత్తిగా పరాయి కథ గాదు.

లాంకషైరు, యార్క్‌షైరు మండలముల పొలిమేరలో, కొండల నడుమ, టాడ్‌మర్డె నను చిన్న పట్టణము కలదు. విక్టోరియా రాణి కాలమున అచ్చట నొక పురమందిరము వెలసెను. ప్రాచీన గ్రీకు, రోమను దేవాలయములను దలపించు ఎత్తైన స్తంభములతో దానిని రూపించినవాడు జాన్ గిబ్సన్ అను వాస్తుశిల్పి. వ్యయము సుమారు 54,000 పౌనులు. ధన మిచ్చినవారు శామ్యూలు, జాను, జాషువా అను ముగ్గురు ఫీల్డెను సోదరులు. 1875 ఏప్రిలు 3వ తేదీన, నాటి తపాలాశాఖ మంత్రియగు లార్డు జాన్ మానర్సు దానిని ప్రారంభించెను. ఆ మందిరము వాల్స్‌డెన్ వాటరను నేటిపై వంతెనవలె నిలిచియున్నది. ఆ యేరే రెండు మండలములకును సరిహద్దు. 1888లో చట్టము చేసి పట్టణమునంతటిని యార్క్‌షైరున చేర్చువరకును, ఒకే సభాశాలలో సగమువారు ఒక మండలమునందును, సగమువారు మరియొక మండలమునందును కూర్చుండెడివారు. ముఖద్వారము పైభాగమున రెండు మండలములను స్త్రీమూర్తులుగా చెక్కి, ఒకవైపున నూలు వడకుట, నేయుట మొదలగు పనులను, రెండవవైపున ఉన్ని, యంత్రములు, వ్యవసాయము మొదలగువానిని చూపిరి. పనిచేయువారి రూపములు కప్పుపైకెక్కినవి. ఆ పని వలన వచ్చిన సంపదకు మాత్రము దాతలుగా పేరు వేరొకరికి వచ్చినది.

ఇక పండ్లు లెక్కింతము. ఈ సోదరుల తాతయగు జాషువా ఫీల్డెను 1782లో మూడు చిన్న యిండ్లలో నూలు వడకుట కారంభించెను. కొడుకుల కాలమున నది పెద్ద మరల సంస్థగా పెరిగెను. ఆ కొడుకులలో నొకడైన జాన్ ఫీల్డెను పదియేండ్లు దాటీ దాటకమునుపే తండ్రి మిల్లులో పనికి దిగినవాడు. యజమాని బిడ్డకే యీ గతి యైనప్పుడు కూలివారి బిడ్డల గతి చెప్పనేల? మరలకు కావలసిన ప్రత్తియో, 1860వ సంవత్సరము వరకును అందు పెద్దభాగము అమెరికా దక్షిణసీమలలో బానిసలచేత పండింపబడినది. నేసిన వస్త్రములకు కొనుగోలుదారులలో మన దేశ మగ్రగణ్యము. నరసాపురము చెంత మాధవాయపాలె మను గ్రామము కలదు. పదునేడవ శతాబ్దిలోనే ఆంగ్లేయు లచ్చట వర్తకశాల నెలకొల్పి, మన నేతగాండ్రు నేసిన బట్టలను సీమకు పంపిరి. ఆ గ్రామనామమే వారి నాలుకపై "మదపొల్లము" అయి, ఒక తెల్లబట్టకు పేరైనది. కాలక్రమమున లాంకషైరు మర లా పేరితోనే వస్త్రమును నేసి, మన విపణికే పంపినవి. గోదావరీతీరపు చేతిపని తన పేరును అరువిచ్చి, తన బ్రతుకును పోగొట్టుకొన్నది. ఆ లాభములన్నియు టాడ్‌మర్డెనుకే చేరినవని నే ననను. కాని అట్టి మందిరములు నిలిచిన పునాది యెట్టిదో యెరుగక, దాతల యౌదార్యమును మాత్రమే కీర్తించుట అర్ధసత్యము.

ఇంతమాత్రమున ఫీల్డెనులను దుర్మార్గులని త్రోసిపుచ్చుట న్యాయము గాదు. వారి తండ్రియగు జాన్ ఫీల్డెను చరిత్రయే నా వాదమునకు ముఖ్యమైన బలము. ఇతడు 1832లో ఓల్డాము పట్టణపు ప్రతినిధిగా పార్లమెంటున ప్రవేశించెను. తాను మిల్లుయజమానియై యుండియు, మిల్లులలో బాలురు పడు బాధలను గూర్చి 1836లో గ్రంథము వ్రాసి, ఆ పద్ధతిని శాపమని నిందించెను. 1834 నాటి బీదల చట్టము పేదలను కార్యశాలలలో బంధించుటను ప్రతిఘటించెను. టాడ్‌మర్డెనులో అట్టి కార్యశాల అనేక దశాబ్దములు లేవకుండుటకు ఆ ప్రతిఘటనమే కారణము. వస్త్రపు మిల్లులలో స్త్రీలును, 13 ఏండ్లకు పైబడి 18 ఏండ్లకు లోబడిన వారును దినమునకు పది గంటలకు మించి పని చేయగూడదని శాసించిన 1847 నాటి చట్టమును సభలో నడిపించినవా డితడే. ఆ యేటి యెన్నికలలోనే యతడు తన స్థానమును కోల్పోయెను, 1849లో మరణించెను.

తండ్రి యిచ్చిన దానమును, కొడుకు లిచ్చిన దానమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కొడుకులు సంపాదించినదానిలో కొంత తిరిగి యిచ్చిరి. తండ్రి సంపాదించు తీరునే దిద్దబూనెను. మందిరములో ప్రవేశించువాడు దాతకు నమస్కరింపవలెను. సాయంకాలము పని ముగించి యింటికేగు పడుచు ఎవరికిని నమస్కరింప నక్కరలేదు, అది యామె హక్కు. పది గంటల చట్టము లేనిచో పండ్రెండు, పదమూడు గంటలు మరయొద్ద నిలిచి అలసిన శ్రామికునకు పురమందిరములో ఉపన్యాసము వినుటకు ఓపిక యెక్కడిది? చట్టము ముందు, మందిరము తరువాత రావలెను. మన ధనికులు కొంద రీ వరుసను తలక్రిందులు చేయుదురు. తమ మిల్లులలో కూలి పెంచరు. ఊరిలో మందిరము కట్టింతురు.

"దాత లే లేనిచో మందిరమే లేదు, పన్ను లిచ్చువారు చిల్లిగవ్వయైన నీయరు" అని కొందరాక్షేపింతురు. ఈ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. కాని ప్రారంభోత్సవము జరిగిననాడే ఆ మందిరము ఊరిసొత్తు కాలేదని గమనింపవలెను. పదునారేండ్ల పిదప, 1891లో గాని అది పట్టణపు స్థానికసంఘమునకు దత్తము కాలేదు. అప్పటికి ముగ్గురు సోదరులలో నిద్దరు గతించిరి. ఆ పదునారేండ్లును అది ఒక కుటుంబపు సొత్తు. యజమానులు మంచివారగుటచే చిక్కు రాకపోయి యుండవచ్చును. కాని ఊరివారి స్వేచ్ఛ ఒక కుటుంబపు మంచితనముపై నాధారపడి యుండుట స్వేచ్ఛ యనిపించుకొనునా? దత్తమైన పిమ్మటనైనను లోప ముండెను. నాటి స్థానికసంఘముల యెన్నికలలో ఆస్తి యధికముగా గలవారికి ఒకటికంటె నెక్కువ వోట్లుండెడివి. 1894 నాటి చట్టముతో గాని యా యన్యాయము తొలగలేదు. కావున మందిరము ప్రజల దగుట యొక్కనాటి యుత్సవముతో తీరు పని కాదు.

"ఎన్నికైన సంఘములు కలహించును, దాత చేతిలోనున్న చక్కగా నడుచును" అని మరికొంద రందురు. ఇండ్లలోను, వీథులలోను, న్యాయస్థానములలోను జరుగు కలహములు ఒక కప్పు క్రింద, అధ్యక్షుని యెదుట, మాటలతో జరుగుటకే గదా పురమందిరము? కలహము లేని మందిరము శుభ్రముగా నుండును, నిజమే. తాళము వేసిన గదియు శుభ్రముగానే యుండును.

ఈ తాళపుచెవి మాట మనకు క్రొత్తది గాదు. టాడ్‌మర్డెను మందిరము ప్రజలకు దత్తమగుటకు ముందటి యేట, అనగా 1890లో, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు పురమందిరమును కట్టించిరి. వారికి మిల్లులు లేవు, జమీ లేదు. వారు పాఠములు చెప్పి, పుస్తకములు వ్రాసి జీవించినవారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతువివాహమును జరిపించిన నాటి నుండి వారిపై వెలి, దూషణలు మొదలైనవి. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారి వంటి సహాయులు కొందరుండిరి, ఎదిరించువా రసంఖ్యాకులు. అట్టి స్థితిలో వితంతువుల పక్షమున మాటలాడదలచినవానికి కావలసినది పాలరాతి నేల గాదు; ఇష్టము లేనినాడు "పొమ్ము" అనజాలని కప్పు. మందిరము పూర్వాచారపరుడైన ధనికునిదైనచో, అం దావాక్కు వినబడునా? తాళపుచెవి యెవరి చేతిలో నున్నదో, ఊరి నాలుకయు వారి చేతిలోనే యున్నది. పంతులుగారు తుదకు తమ యాస్తిని 1906లో తాము స్థాపించిన హితకారిణీ సమాజమునకు చెందజేసిరి. తాము పోయిన పిమ్మట పని తమ పేరుపై గాక సంస్థపై నిలువవలెనని వా రెరిగిరి.

కావున నేటి దాతలను మనము కోరవలసిన వివి. మొదటిది: ప్రారంభదినముననే మందిరము దస్తావేజు మూలమున ఊరి ప్రతినిధులకో, ధర్మకర్తల సంఘమునకో చెందవలెను, వారసుల కందు హక్కుండరాదు. రెండవది: స్త్రీ యనిగాని, కులమనిగాని, దాతకు గిట్టని పక్షమనిగాని యెవ్వరిని గడపవద్ద ఆపరాదు. మూడవది: మరమ్మతులకు నిధి యేర్పరుపబడి, దాని లెక్క లేటేట ప్రకటింపబడవలెను. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: ఆ ధనమును సంపాదించిపెట్టిన పనివారికి న్యాయమైన కూలియు, విశ్రాంతియు ముందుగా దొరకవలెను. ఇందులకు సమ్మతించువాని పేరు రాతిపై చెక్కుట మన కభ్యంతరము గాదు, ఆనందమే.

చదువరులారా! మీ యూరిలో దాత పేరు గల మందిరము ఉండియే యుండును. దాని దస్తావేజు ఎవరి పేర నున్నదో ఈ నెలలోనే విచారింపుడు. మీ ప్రశ్నకు దాత కోపించినచో, ఆ గోవు ఇంకను ఆయన పెరటిలోనే యున్నదని తెలిసికొనుడు.