ముందస్తు రవాణా సమాచారం: ప్యాకింగ్ షెడ్డులోనే తయారు కావాలి

పండ్లు, కూరగాయలను కిరాణా విక్రయ సంస్థలకు నేరుగా సరఫరా చేసే రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు శిక్షణ అనగానే గ్రేడింగు, ప్యాకింగు, శీతలీకరణ గుర్తుకు వస్తాయి. లారీ గిడ్డంగికి చేరేలోపే కొనుగోలుదారునికి అందవలసిన ఒక ఎలక్ట్రానిక్ పత్రానికి మాత్రం విస్తరణ పాఠాలలో దక్కుతున్న చోటు స్వల్పం. అడ్వాన్స్ షిప్పింగ్ నోటీసు, క్లుప్తంగా ఏఎస్‌ఎన్, అనే ఈ పత్రం ఏ ఆర్డరుకు సంబంధించి, ఏ వాహనంలో, ఏ సరుకు, ఎన్ని క్రేట్లలో, ఎంత బరువున వస్తున్నదో తెలుపుతుంది. అమెరికా ఈడీఐ ప్రమాణంలో దీని సంఖ్య 856. ఈడీఐ సాఫ్ట్‌వేరు లేని సరఫరాదారులు ఇదే సమాచారాన్ని కొనుగోలుదారు పోర్టల్‌లో నింపుతారు. రూపం ఏదైనా, అందులోని అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు ప్రశ్న.

సులభమైన మార్గం, ప్రమాదకరమైన మార్గం కూడా, కొనుగోలు ఆర్డరులోని అంకెలనే నోటీసులోకి ఎక్కించడం. సాఫ్ట్‌వేర్లు సైతం ఒక్క మీటతో ఆ పని చేసిపెడతాయి. ఉదాహరణకు, 20 కిలోల చొప్పున 200 క్రేట్ల టమాటకు ఆర్డరు వచ్చిందనుకుందాం. వర్షం వల్ల కోత తగ్గి, గ్రేడింగు తరువాత 184 క్రేట్లే మిగిలాయి. నోటీసులో 200 అని ఉంటే గిడ్డంగిలో లెక్క కుదరదు. లారీని నిలిపి మళ్లీ లెక్కిస్తారు. ఈలోగా ఎండలో సరుకు మెత్తబడుతుంది. నోటీసు, స్వీకరణ లెక్క, ఇన్వాయిసు ఒకదానితో ఒకటి సరిపోలే వరకు చెల్లింపు ఆగవచ్చు. అదే నోటీసులో 184 అని ముందే తెలిపితే, కొరవడిన 16 క్రేట్లను కొనుగోలుదారు మరొకచోట సమకూర్చుకుంటాడు. కొరత రెండు సందర్భాలలోనూ ఒకటే; రెండవ సందర్భంలో అది వివాదంగా మారదు.

కనుక నోటీసు కార్యాలయంలో కాక కాటా పక్కనే పుట్టాలి. పత్రం నిర్మాణం కూడా ఇదే కోరుతుంది: రవాణా, దాని కింద ఆర్డరు, దాని కింద ప్యాకేజీ, చివరకు సరుకు, ఇలా మెట్లుమెట్లుగా ఉంటుంది. ఒక్కొక్క ప్యాలెట్‌కు గానీ పెట్టెకు గానీ ఎస్ఎస్‌సీసీ అనే 18 అంకెల సంఖ్య ఇచ్చి లేబులుపై ముద్రిస్తారు. నోటీసులోనూ అదే సంఖ్య ఉండాలి. చివరి అంకె తనిఖీ కోసం ఉద్దేశించినది. ఒకసారి వాడిన సంఖ్యను సరుకు పంపిన నాటి నుంచి ఏడాదిలోపు మరొకదానికి కేటాయించరాదు. పాత లేబుళ్లు అంటిన క్రేట్లనే తిరిగి వాడే షెడ్లలో ఈ నియమం ఎంత సులభంగా భంగమవుతుందో చెప్పనక్కరలేదు.

తాజా ఉత్పత్తులలో మరో చిక్కు బరువు. కోసిన తరువాత కూడా కాయ నీటిని కోల్పోతూనే ఉంటుంది. ఉదయం షెడ్డులో తూచిన బరువు, రాత్రి గిడ్డంగిలో తూచిన బరువు ఒకటి కావు. నోటీసులో నికర బరువుతో పాటు తూచిన సమయం కూడా చేర్చగలిగితే, తరుగు ఎంత, కొరత ఎంత అని వేరుచేసి మాట్లాడే ఆధారం సంఘం చేతిలో ఉంటుంది. నేటికీ ఆ ఆధారం లేకనే తరుగంతా రైతు ఖాతాలో పడుతున్నది.

కొనుగోలుదారు గుమాస్తా పనిని రైతు నెత్తిన పెట్టడమే ఇది అన్న అభ్యంతరం ఉన్నది. అందులో నిజం లేకపోలేదు. అయితే దానికి సమాధానం నోటీసును నిరాకరించడం కాదు, బదులు అడగడం. ఈడీఐలో స్వీకరణ సమాచారానికీ ఒక పత్రం ఉంది. అమెరికా ప్రమాణంలో దాని సంఖ్య 861. ఎన్ని క్రేట్లు స్వీకరించారు, ఎన్ని తిరస్కరించారు, ఎందుకు అన్నది అందులో రాతపూర్వకంగా వస్తుంది. ఒప్పందం కుదిరేటప్పుడే సంఘాలు ఈ షరతు పెట్టాలి. ఫోనులో చెప్పే తిరస్కరణకు చిరునామా ఉండదు.

తాజా కూరగాయల రవాణాకు ఈ-వే బిల్లు అవసరం లేకపోవడం వల్ల కాగితాల పనిపై కొంత ఉదాసీనత ఏర్పడింది. మినహాయింపు పన్ను చట్టానికి సంబంధించినదే. కొనుగోలుదారు షరతులకు కాదు. ఎగుమతి రంగంలో ఈ క్రమశిక్షణ కొత్తదీ కాదు: ద్రాక్షను తోట స్థాయి నుంచి గుర్తించేందుకు అపెడా గ్రేప్‌నెట్‌ను ఏనాడో నెలకొల్పింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022 నవంబరులో ఖరారు చేసిన నిబంధన తాజా టమాట, మామిడి వంటి వాటికి లాటు సంకేతాన్ని సరుకుతో పాటు తదుపరి స్వీకర్తకు అందించాలని కోరుతున్నది. దాని అమలు గడువు వెనక్కు జరిగినా, దిశ మారలేదు.

10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల ఏర్పాటుకు కేంద్రం 2020లో పథకం ప్రారంభించింది. వాటి నమోదు, వాటాధనం, వ్యాపార ప్రణాళికలపై శిక్షణ జరుగుతున్నది. ప్యాకింగు షెడ్డులో కాటా చీటీ రాసే మనిషికి మాత్రం శిక్షణ అందడం లేదు. ఆ మనిషి సంఘ కార్యదర్శి కానవసరం లేదు, పదో తరగతి చదివిన గ్రామ యువతి అయినా చాలు. వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరంలో గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులకు ఇది తగిన అభ్యాసం: ఒక రోజు పంపకాన్ని షెడ్డులో కూర్చుని కాటా చీటీల నుంచి నోటీసుగా రాయడం, గిడ్డంగి నుంచి స్వీకరణ లెక్క వచ్చాక రెండింటినీ వరుసవారీగా పోల్చడం, తేడా వచ్చిన ప్రతి వరుసకు కారణం వెదకడం. ఆ తేడాల పట్టిక నివేదికలో అనుబంధంగా కాక మొదటి పేజీలోనే ఉండాలి.