సెట్టు అనే తెలుగు మాట

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిషు నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది నోరు తిరగని లాటిన్ మాటేదో కాదు, మూడే మూడక్షరాల 'సెట్'. ఒక్క క్రియకే 430 దాకా అర్థాలు. వాటి వివరణే దాదాపు 60 వేల మాటలు. తర్వాత ఆ పెద్దరికం 'రన్'కు పోయింది. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలు దానితోనే కుస్తీపట్టి, క్రియగా 645 అర్థాలు తేల్చాడు.

'సెట్' క్రియకు మూలార్థం కూర్చోబెట్టడం. సిమెంటు గట్టిపడ్డా, విరిగిన ఎముకను సరిచేసి కట్టినా, పొద్దు గూకినా, ప్రశ్నపత్రం తయారుచేసినా ఇంగ్లిషువాళ్లకు అదే మాట. కప్పులూ సాసర్ల సెట్టు లాంటి గుంపు అర్థం మాత్రం వేరే దారిన వచ్చింది. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా దిగి, ఈ క్రియతో కలిసిపోయింది. లెక్కల పుస్తకంలో మనం 'సమితి' అని చదువుకున్నది ఆ గుంపునే.

మనకూ ఆ గుంపు బాగా తెలుసు. రేడియో సెట్టు, నగల సెట్టు, పళ్ల సెట్టు, టిఫిన్ బండి దగ్గర సెట్ దోశ. పంపుసెట్టైతే రాజకీయాల్లోనూ పేరున్న మాట. 2004లో ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పడ్డాక పంపుసెట్ల ప్రస్తావన లేని ఎన్నికల సభ అరుదు. పొలంలో రైతు మాత్రం దాన్ని 'మోటారు' అనే అంటాడు. (ఎంసెట్ అనే పాత పేరులోనూ, లాసెట్, ఎడ్‌సెట్లలోనూ ఉన్న సెట్టుకు వీటితో చుట్టరికం లేదు. అవి పరీక్షల పేర్లకు పొట్టిరూపాలు. కాకపోతే ఇంటర్ పిల్లలున్న ఇంట్లో వేసవంతా వినబడే సెట్టు అదొక్కటే.)

అసలు తమాషా క్రియ దగ్గర ఉంది. పరాయి మాటకు 'అవు', 'చేయు' తగిలించి సొంతం చేసుకోవడం మనకు పాత అలవాటే. 'ఖరారు' అలాగే వచ్చి ఖరారైంది. ఇప్పుడు వినండి: 'సంబంధం సెట్టయింది.' 'ఆ రంగు నీకు సెట్టవలేదే.' 'వాడికీ మేనేజరుకీ సెట్టవదు.' 'వాడికేంట్రా, లైఫ్ సెట్టు!' కుదరడం, నప్పడం, పొసగడం, స్థిరపడటం: నాలుగు చక్కటి తెలుగు మాటలు పంచుకునే పనిని ఇదొక్కటే భుజాన వేసుకుంది. ఇది భాషకు బీదతనం అని బాధపడే పెద్దలున్నారు. కొంత నిజమే, నప్పడానికీ పొసగడానికీ ఉన్న తేడా ఇందులో ఇంకిపోతుంది. కానీ 'ఈ చొక్కా నాకు సెట్టవలేదు' అన్నదాన్ని మాటకు మాటగా ఇంగ్లిషులో పెట్టి లండన్‌లో అని చూడండి, విన్నవాడు తెల్లమొహం వేస్తాడు. మాట వాళ్లదే. అర్థం మాత్రం మన దేశంలో పుట్టింది. హిందీవాళ్లకూ అందులో వాటా ఉంది.

లండన్ అన్నాను గానీ, స్కాట్లండుకు వెళ్తే కథ మారుతుంది. అక్కడి పలుకుబడిలో 'సెట్'కు నప్పడం, తగడం అనే అర్థం పూర్వం నుంచీ ఉంది. మనవాళ్లు అక్కణ్నుంచి మోసుకొచ్చారనుకోనక్కర్లేదు. కూర్చోవడం నుంచి కుదురుకోవడానికీ, అక్కణ్నుంచి నప్పడానికీ ఎంతో దూరం లేదు. చీర కుచ్చిళ్లు సరిగ్గా కూర్చోలేదని మనం అనడం లేదా?

కుర్రకారు నోట ఇదే మాట మొరటుగానూ తిరుగుతుంది. 'ఆ అమ్మాయిని సెట్ చేశాడు' అన్నప్పుడు ఆ అమ్మాయి ఇష్టాయిష్టాలకు వాక్యంలో చోటే లేదు. 'సెటప్' అంటే చాటుమాటు కాపురం అని కూడా అర్థం ఉంది. నిఘంటువు వీటిని చూసి ముక్కు మూసుకోకూడదు. పక్కన 'మోటు' అని గుర్తు పెట్టి రాసుకోవాలి, అంతే.

రాసుకునేది ఎవరన్నదే మా ప్రశ్న. సి.పి. బ్రౌన్ 1854లోనే తెలుగులో తిరిగే మిశ్ర, అన్యదేశ్య పదాలకు విడిగా ఒక నిఘంటువు అచ్చువేయించాడు. 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటానికి భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల నోటి మాటలే ఆధారం చేసుకున్నారు. పరాయి మాటకూ నోటిమాటకూ గౌరవం దక్కిన చరిత్ర మనకు ఉందన్నమాట. ఆ పనిని ముందుకు లాగినవాళ్లే తక్కువ. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2016లో మన దక్షిణాది 'అయ్యో'ను సైతం చేర్చుకున్నారు.

ఇంగ్లిషు మాటలన్నీ ఎక్కిస్తే అది తెలుగు నిఘంటువెలా అవుతుందని అడగవచ్చు. అన్నీ అక్కర్లేదు. 'కంప్యూటర్'కు రెండు భాషల్లోనూ ఒకటే అర్థం, దానికి తొందర లేదు. ఇంగ్లిషు నిఘంటువు తిరగేసినా మన అర్థం దొరకనివి ముందు కావాలి: 'లైట్ తీసుకో'లోని లైటు, 'కట్ చేస్తే'లోని కట్టు, 'ఓవర్ చేయకు'లోని ఓవరు. ఇవాళ్టి కథల్లో సంభాషణలు యాభై ఏళ్ల తర్వాత చదివేవాడు తడుముకునేది వీటి దగ్గరే.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మర్రే 1879లో ఇంగ్లిషు పాఠకులకు విజ్ఞప్తి చేస్తే ఉదాహరణల చీటీలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. మా కోరిక అంత పెద్దది కాదు. 'సెట్టవడం' అచ్చులో మీకు కనబడిన అన్నిటికంటే పాత చోటేదో వెతకండి. కథైనా, సినిమా ప్రకటనైనా, వారపత్రికలో ప్రశ్నలూ జవాబుల శీర్షికైనా సరే. పుస్తకం పేరు, సంవత్సరం, పుట సంఖ్య, వాక్యం మొత్తం ఒక కార్డు మీద రాసి పంపండి. కార్డుకు ఒక్క వాక్యమే. 'మా మేనమామ ఎప్పుడూ అనేవాడు' లాంటివి కూడా తీసుకుంటాం, ఏ ఊరో, ఏ కాలమో రాస్తే.