వృద్ధుల పింఛను కానుకయా?

బి.కొత్తకోట చుట్టుపట్ల వేరుసెనగ చేలలో, టమాట తోటలలో నడుము వంగువఱకు కూలిచేసిన ముసలమ్మకు 2024 నుండి నెలకు 4000 రూపాయల పింఛను ముట్టుచున్నది. సంతోషమే. కాని నిఱుపేద వృద్ధులకై కేంద్రప్రభుత్వ మిచ్చు వంతెంత? ఎనుబదియేండ్లు నిండనివారికి 200 రూపాయలు! 2007 నాఁడును అంతియే. ఉద్యోగులకు ధరలనుబట్టి కరవుభత్యము పెరుగును. కూలివారి ముసలితనమునకు ధరల పెరుగుదల తగులదు కాబోలు! తక్కినది రాష్ట్రపు బొక్కసమునుండి, అదియు నెన్నికల వాగ్దానమై, వచ్చుచున్నది. పాలకులు మాఱినపుడెల్ల పథకము పేరును మాఱినది. ఒకరు దానిని ‘కానుక’ యనిరి. ఎవరి సొమ్ము కానుక? కేంద్రము తన వంతును ధరలతో ముడివెట్టి చట్టము చేయవలెనని మేము కోరుచున్నాము. ధనమెక్కడిదని యడుగువారికి మా ప్రశ్న యొకటి: ఆ ముసలమ్మ తాను కొన్న సబ్బుబిళ్ళపై, చెప్పులపై ఇన్నాళ్లు చెల్లించినది పన్ను కాదా?