గంటకు 146 కిలోమీటర్ల స్పీడ్.. చేతిలో బ్రేక్ లేదు! డౌన్‌హిల్ స్కేట్‌బోర్డ్, సైకిల్.. రెండిట్లో ఏది ఎక్కువ డేంజర్?

మ్యాచ్‌లో సిరాజ్ బంతి వేయగానే స్క్రీన్ మూలన స్పీడ్ పడుతుంది. 140 దాటిందంటే కామెంటేటర్ గొంతు కూడా పెరుగుతుంది. ఇప్పుడు ఆ బంతి స్థానంలో ఒక మనిషిని ఊహించుకోండి. కాళ్ల కింద ఒక చెక్క, దానికి నాలుగు బుల్లి చక్రాలు. ఇంజిన్ లేదు, హ్యాండిల్ లేదు, బ్రేక్ అసలే లేదు. 2017 సెప్టెంబర్ 27న కెనడాలోని క్యూబెక్‌లో బ్రిటన్‌కు చెందిన పీట్ కానలీ సరిగ్గా ఇలాగే బోర్డుపై నిలబడి గంటకు 146.73 కి.మీ. వేగంతో కొండ దిగి గిన్నిస్ రికార్డు కొట్టాడు. అంటే సెకనుకు 40 మీటర్లకు పైనే. కనురెప్ప వేసి తీసేలోపు రెండు మూడు కార్ల పొడవు దాటి వెళ్లిపోయే వేగం ఇది!

అంత రికార్డు స్పీడ్ కాకపోయినా, హెల్మెట్‌కో బోర్డు ముందు భాగానికో కెమెరా పెట్టుకుని కొండ రోడ్లపై దూసుకెళ్లే స్కేటర్ల వీడియోలు ఫోన్లో చాలామంది చూసే ఉంటారు. చూడగానే వచ్చే డౌట్ ఒకటే. "సైకిల్ మీద దిగినా ఇంతేగా.. ఇందులో అంత స్పెషల్ ఏముంది?" అని. టూర్ డి ఫ్రాన్స్ రైడర్లు ఆల్ప్స్ కొండలు దిగేటప్పుడు గంటకు 100 కి.మీ. దాటడం మామూలే. ఇక మంచు వాలుపై ప్రత్యేకంగా తయారు చేసిన సైకిల్‌తో ఫ్రాన్స్‌కు చెందిన ఎరిక్ బారోన్ 2017 మార్చిలో గంటకు 227 కి.మీ. దాటేశాడు. అప్పటికి ఆయన వయసు 56! కాబట్టి స్పీడ్‌లో సైకిలే గెలుస్తుంది. కానీ అసలు కథ స్పీడ్ దగ్గర లేదు. ఆ స్పీడ్‌ను మళ్లీ ఎలా తగ్గిస్తారన్న దగ్గరే ఉంది.

బ్రేక్ వేయాలంటే బోర్డును అడ్డం తిప్పాలి

సైకిల్‌కు రెండు వేళ్లు చాలు. భయం వేసిన క్షణంలో బ్రేక్ లీవర్ నొక్కితే ఎంతో కొంత వేగం తగ్గుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లైనా సరే, ఆ పని చేయగలరు. స్కేట్‌బోర్డ్‌లో అలా కుదరదు. అక్కడ ఉన్న దారులు మూడే. వంగి ఉన్నవాడు లేచి నిలబడి చేతులు చాపి గాలికి అడ్డం పడటం ఒకటి. దీనివల్ల తగ్గే వేగం కొంచెమే. రెండోది ఒంటికాలిపై బ్యాలెన్స్ చేస్తూ, రెండో కాలి బూటును రోడ్డుకు రాయడం. మామూలు వేగంలో ఇది బాగానే పనిచేస్తుంది. 70, 80 కి.మీ. స్పీడ్‌లో ఒంటికాలిపై నిలబడటం మాత్రం అందరి వల్లా అయ్యే పని కాదు.

మూడోదే అసలైన బ్రేక్. దాని పేరు స్లైడ్. స్కేటర్ బాగా కిందికి కూర్చుని, గ్లవ్ వేసుకున్న చేతిని రోడ్డుకు ఆనించి, బోర్డును ఒక్కసారిగా అడ్డంగా తిప్పుతాడు. చక్రాలు దొర్లడం మానేసి రోడ్డును రాసుకుంటూ జారతాయి. ఆ రాపిడికి వేగం పడిపోతుంది. గ్లవ్ అరచేతి భాగంలో గట్టి ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి. అవి లేకపోతే చేతి తోలు ఊడిపోవడమే. 1970ల్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ కొండల్లో క్లిఫ్ కోల్మన్ అనే స్కేటర్ దీన్ని పాపులర్ చేశాడు. అందుకే నేటికీ కోల్మన్ స్లైడ్ అనే పిలుస్తారు.

ఇక్కడే మెలిక ఉంది. సైకిల్‌పై బ్రేక్ వేయడం అంటే రిస్క్ తగ్గించుకోవడం. బోర్డుపై బ్రేక్ వేయడం అంటే కాసేపు ఇంకా పెద్ద రిస్క్ తీసుకోవడం! ఎందుకంటే స్లైడ్ చేస్తున్నంతసేపూ బోర్డు మనం చెప్పిన వైపు తిరగదు. రోడ్డు మీద తడి ఉన్నా, ఇసుక ఉన్నా, బోర్డును కాస్త తక్కువగానో ఎక్కువగానో తిప్పినా లెక్క మారిపోతుంది. ఒక్కసారిగా చక్రాలు మళ్లీ పట్టు దొరకబుచ్చుకున్నాయంటే మనిషి బోర్డు మీద నుంచి ఎగిరి పడతాడు. పైగా వెనక్కి తగ్గుదాం అనుకోవడానికి కూడా టైమ్ ఉండదు. గంటకు 108 కి.మీ. అంటే సెకనుకు 30 మీటర్లు. మలుపు దాటగానే ఎదురుగా కారు కనిపించి, "అరె" అనుకునేలోపే దాదాపు ఒకటిన్నర క్రికెట్ పిచ్‌ల దూరం అయిపోతుంది. స్లైడ్ మొదలుపెట్టేది ఆ తర్వాతే.

వణుకు మొదలైతే..

స్కేటర్లు అందరూ భయపడేది స్పీడ్ వాబుల్‌కు. స్పీడ్ పెరుగుతుండగా బోర్డు ఉన్నట్టుండి కుడికీ ఎడమకీ వేగంగా ఊగడం మొదలెడుతుంది. స్కేట్‌బోర్డ్‌లో స్టీరింగ్ అంటూ వేరే ఏమీ ఉండదు. బోర్డు ఎటు వాలితే చక్రాలు అటు తిరుగుతాయి. వణుకు మొదలవగానే మనిషి కంగారుపడి కాళ్లు బిగబడతాడు, సరిదిద్దబోతాడు. మెదడు నుంచి కాలికి సంకేతం వెళ్లేలోపు బోర్డు రెండో వైపు వాలిపోయి ఉంటుంది. దాంతో ఆ సవరణ కాస్తా వణుకును ఇంకా పెంచుతుంది. మనిషి స్పందనలో ఉండే ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుని బుడాపెస్ట్, బ్రిస్టల్ పరిశోధకులు 2016లో ఓ గణిత నమూనానే తయారు చేశారు. సీనియర్ స్కేటర్లు చెప్పే మందు మాత్రం చాలా సింపుల్. బరువంతా ముందు కాలిపై వేయి, చీలమండలు వదులుగా ఉంచు, బిగుసుకుపోకు. చెప్పడం తేలికే. 80 స్పీడ్‌లో కాళ్ల కింద చెక్క గిలగిల్లాడుతుంటే రిలాక్స్ అవ్వడం ఎంతమందికి సాధ్యం?

సైకిల్‌కూ ఈ వణుకు వస్తుంది. కాకపోతే మోకాళ్లతో ఫ్రేమ్ పైగొట్టాన్ని నొక్కిపెడితే చాలాసార్లు తగ్గిపోతుంది. పైగా సైకిల్ నిర్మాణమే అంత. ఓ మోస్తరు వేగంలో దాన్ని వదిలేసినా తనంతట తానే నిలబడి కొంత దూరం పోతుంది. చక్రం సైజు సంగతి చెప్పనే అక్కర్లేదు. సైకిల్ చక్రం అడ్డకొలత 65 సెంటీమీటర్లకు పైనే. డౌన్‌హిల్ బోర్డు చక్రం 7 సెంటీమీటర్లు, అంతకు కాస్త అటూ ఇటూ. సైకిల్ పట్టించుకోకుండా ఎక్కి దిగిపోయే కంకర రాయి, బోర్డుకు గోడలాంటిది.

మరి సైకిలే సేఫా?

అలా అనుకుంటే పొరపాటే. సైకిల్ ఇచ్చే ఆ ధీమాయే దాని అసలు ప్రమాదం. డౌన్‌హిల్ రేసులో స్కేటర్‌ను చూడండి. మొహం మొత్తం కప్పే హెల్మెట్, ఒంటికి అతుక్కున్న లెదర్ సూట్, వీపుకు ప్రొటెక్టర్, చేతులకు గ్లవ్స్. అదే వేగంలో దిగే సైకిల్ రేసర్ ఒంటి మీద ఉండేది పల్చటి లైక్రా జెర్సీ, నెత్తిన ఓ తేలికపాటి హెల్మెట్. అంతే! కిందపడితే రోడ్డుకూ ఒంటికీ మధ్య ఉన్నది ఒక్క గుడ్డ పొర.

ఆ హెల్మెట్ కూడా ప్రొఫెషనల్ రేసుల్లో 2003 వరకూ తప్పనిసరి కాదంటే నమ్ముతారా? 1995 టూర్ డి ఫ్రాన్స్‌లో పిరనీస్ కొండ దిగుతూ ఇటలీ రైడర్ ఫాబియో కసర్తెల్లి చనిపోయాడు. అప్పుడు ఆయన తలపై హెల్మెట్ లేదు. అప్పటికీ రూల్ మారలేదు. 2003 మార్చిలో పారిస్-నీస్ రేసులో కజకిస్థాన్ రైడర్ ఆండ్రీ కివిలెవ్ చనిపోయాకే మారింది. అదే ఏడాది జులైలో టూర్‌లో రెండో స్థానంలో ఉన్న హోసెబా బెలోకి ఎండకు కరిగిన తారు మీద జారి తొడ ఎముక, మోచేయి, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మే నెలలో మన రోడ్ల మీద తారు చెప్పులకు అంటుకోవడం చూసినవాళ్లకు ఈ సీన్ ఊహించుకోవడం కష్టం కాదు. బ్రేకులు ఉన్నాయి, అనుభవం ఉంది.. రోడ్డే మోసం చేసింది.

హెల్మెట్ వచ్చాక కూడా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. 2023 జూన్‌లో టూర్ డి స్విస్‌లో ఆల్బులా కనుమ దిగుతూ స్విట్జర్లాండ్ రైడర్ గినో మేడర్ లోయలోకి పడిపోయి మరుసటి రోజు కన్నుమూశాడు. వయసు 26. ఏడాది తిరిగేసరికి, 2024 జులైలో ఆస్ట్రియాలో గ్రాస్‌గ్లోక్నర్ కొండ దిగుతూ నార్వే రైడర్ ఆండ్రే డ్రేగె చనిపోయాడు. వీళ్లెవరూ సరదాకి దిగినవాళ్లు కాదు, రోజూ ఇదే పనిగా బతికేవాళ్లు. సైకిల్ ఫ్రేమ్‌పైనే కూర్చుని గాలికి దొరక్కుండా ముడుచుకునే సూపర్‌టక్ పొజిషన్‌ను ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ 2021 ఏప్రిల్ నుంచి నిషేధించింది కూడా. ఆ పొజిషన్‌లో సైకిల్ మీద కంట్రోల్ తగ్గుతుందన్నదే వాదన.

ఇక్కడ ఫిజిక్స్ చాలా నిర్దయగా ఉంటుంది. వేగం రెట్టింపైతే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్లి స్తంభాన్ని గుద్దితే రెండంతస్తుల పైనుంచి పడ్డట్టు. 80 అయితే ఎనిమిది అంతస్తులు! కింద ఉన్నది సైకిలా, బోర్డా అన్నది ఆ స్తంభానికి అనవసరం.

అందుకే లెక్క ఇలా వేసుకోవాలి. ట్రాఫిక్ ఆపేసిన రోడ్డు, మలుపుల దగ్గర గడ్డి మూటలు, ఒంటి నిండా లెదర్, ఏళ్ల ప్రాక్టీస్.. ఇవన్నీ ఉన్న స్కేటర్, తడి రోడ్డుపై లైక్రాతో 100 స్పీడ్‌లో దిగే సైకిల్ రేసర్ కంటే ఒక్కోసారి ఎక్కువ రక్షణలో ఉన్నట్టే. కానీ వీడియో చూసి బోర్డు కొనుక్కుని మొదటి వారమే కొండెక్కిన కుర్రాడికి, సైకిల్ మీద అదే కొండ దిగే కుర్రాడికి పోలికే లేదు. రెండోవాడికి కనీసం ఆగడం తెలుసు.

మరి అంత రిస్క్ ఉన్నా ఎందుకు దిగుతారంటే.. సైకిల్ మీద మనిషి ఒక యంత్రాన్ని నడుపుతాడు. బోర్డు మీద ఆ యంత్రం దాదాపు మాయమైపోతుంది. భుజం కొంచెం వాల్చితే ఒళ్లంతా మలుపు తిరుగుతుంది. రోడ్డు గరుకు అరికాలికి తెలుస్తుంది. రేసుల్లో సాధారణంగా నలుగురేసి ఒకేసారి దిగుతారు, ముందువాడి వెనక గాలి తగలని చోట నక్కి, సరిగ్గా మలుపు ముందు పక్కకు వచ్చి ఓవర్‌టేక్ చేస్తారు. ఆ కొద్ది నిమిషాల్లో బుర్రలోకి వేరే ఆలోచన రాదు, వస్తే పడిపోతారు. కొందరికి ఆ నిశ్శబ్దమే కిక్.

పక్కవాడి ప్రాణం సంగతేంటి?

ఒకడి సరదా వాడి ఒంటికే పరిమితమైతే ఇంత చర్చ ఉండేది కాదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డోలోరెస్ పార్క్ పక్కన ఉన్న నిటారు వీధిలో ఏటా వేసవిలో కుర్రాళ్లు వందలాదిగా గుమిగూడి బోర్డులపై కిందికి దూసుకెళ్తారు. పర్మిషన్ లేదు, రోడ్డు మూయడం లేదు. దీన్ని హిల్ బాంబ్ అంటారు. 2020లో అక్కడ స్కేటర్‌కూ, సైకిల్‌పై వెళ్తున్న ఓ వ్యక్తికీ ఢీ జరిగి సైకిలిస్ట్ చనిపోయాడు. తర్వాత నగర పాలక యంత్రాంగం ఆ వీధిలో బోర్డులు జారకుండా రోడ్డుకు గుబ్బలు బిగించింది. అయినా జనం ఆగలేదు. 2023 జులైలో పోలీసులు ఏకంగా 100 మందికి పైగా పట్టుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది మైనర్లే. పిల్లల్ని అలా గుంపుగా పట్టుకోవడంపై తల్లిదండ్రులు మండిపడ్డారు. లాస్ ఏంజెలెస్‌లోనూ ఇద్దరు టీనేజ్ కుర్రాళ్లు చనిపోయాక 2012లో సిటీ కౌన్సిల్ ఈ హిల్ బాంబింగ్‌పై ఆంక్షలు పెట్టింది.

గుబ్బలు, కేసులతో ఆగేది కాదని శాన్‌ఫ్రాన్సిస్కో అనుభవమే చెబుతోంది. రోడ్డు మూసి, అంబులెన్స్ పెట్టి, గేర్ చెక్ చేసి వదిలే ఈవెంట్లు ఉంటే కొంతమందైనా అటు వెళ్తారు. అవి లేని చోట ఇలాగే దిగుతారు.

మన ఘాట్ రోడ్డుపై అయితే?

అరకు, శ్రీశైలం, హార్సిలీ హిల్స్.. ఘాట్ రోడ్లకు తెలుగు రాష్ట్రాల్లో కొదవ లేదు. వీకెండ్ వస్తే హైదరాబాద్ నుంచి వికారాబాద్ అనంతగిరి వైపు సైకిళ్లు వరుస కడతాయి. కానీ వీడియోలో చూసిన రోడ్డు, ఇక్కడి రోడ్డు ఒకటి కాదు. హెయిర్‌పిన్ మలుపులో ఆర్టీసీ బస్సు తిరగాలంటే ఎదుటి లైన్‌లోకి రావాల్సిందే. మలుపు అంచున కంకర, మధ్యలో కోతులు, చెప్పాపెట్టకుండా స్పీడ్ బ్రేకర్. సైకిల్‌కే ఇది కష్టమైన రోడ్డు, బోర్డుకైతే నరకం. ఇంకో విషయం. వీడియోల్లో చాలాసార్లు మలుపుల దగ్గర వాకీటాకీతో నిలబడి "కారు వస్తోంది" అని చెప్పే మనుషులు ఉంటారు. వాళ్లు ఫ్రేమ్‌లో కనిపించరు.

నేర్చుకోవాలని గట్టిగా ఉన్నవాళ్లు మొదలుపెట్టాల్సింది కొండ దగ్గర కాదు. ట్రాఫిక్ లేని చోట, కింద చదునైన నేల ఉన్న చిన్న వాలు చూసుకోవాలి. బోర్డు దానంతట అదే ఆగిపోయేంత వాలు చాలు. ముందు కాలితో బ్రేక్ వేయడం రావాలి, తర్వాత గ్లవ్ వేసుకుని 20, 25 స్పీడ్‌లో స్లైడ్. రెండు వైపులకూ స్లైడ్ చేయడం వచ్చేదాకా ఎత్తు పెంచకూడదు. సైకిలిస్టులకైతే పాత సూత్రమే. వేగం తగ్గించేది మలుపులో కాదు, మలుపుకు ముందే. మలుపులో బయటి వైపు పెడల్ కిందికి ఉంచి, చూపు మలుపు చివరిపై పెట్టాలి. రిమ్‌ను పట్టే బ్రేకులున్న సైకిల్ అయితే పొడవాటి ఘాట్ దిగేటప్పుడు లీవర్ అదేపనిగా నొక్కి ఉంచొద్దు. రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలే ప్రమాదం ఉంటుంది. నొక్కుతూ, వదులుతూ దిగాలి. ఘాట్ పైన టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు ఒకసారి బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో చూసుకోవడానికి పట్టేది అర నిమిషం.