జీలుగ గింజ కవరు మీద మన ఊరి పేరేది?

పోస్టు కొంచెం పెద్దది. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ చివరి దాకా చదివి తిట్టండి.

మేం మణికొండలో హాస్టల్ గదిలో నలుగురం ఉంటున్నాం. ఇద్దరిది అశ్వారావుపేట వైపు, ఒకడిది చింతూరు, ఒకడిది మారేడుమిల్లి దగ్గర కొండ మీద ఊరు. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. ఆదివారాలు ఖర్చుల కోసం ఫంక్షన్లకు కుర్చీలు వేయడానికి, భోజనాలు వడ్డించడానికి పోతుంటాం.

అట్లా ఒక ఆదివారం ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయానికి పోయాం. అక్కడ మొక్కలు పెంచేవాళ్ల కలయిక జరుగుతోంది. బల్లల నిండా చిన్న చిన్న జిప్ కవర్లు. వాటిలో పామ్ జాతి చెట్ల గింజలు. ఫాక్స్‌టెయిల్ పామ్, రాయల్ పామ్, బాటిల్ పామ్. ఎవరూ అమ్మట్లేదు, కొనట్లేదు. ఒకరి దగ్గరున్నవి ఇంకొకరికి ఇచ్చుకుంటున్నారు. ప్రతి కవరు మీదా గింజ పేరు, ఏ రోజు ఏరారు, ఎవరి చెట్టుది, ఏ ఫ్లాట్ వాళ్లిచ్చారు అని రాసుంది. నిజం చెప్పాలంటే ఆ పద్ధతి మాకు బాగా నచ్చింది.

ఒక కవరు దగ్గర మారేడుమిల్లి వాడు ఆగిపోయాడు. దాని మీద ‘ఫిష్‌టెయిల్ పామ్, అడవి సేకరణ, తూర్పు కనుమలు’ అని ఉంది. అంతే. మిగతా అన్నిటి మీదా మనుషుల పేర్లున్నాయి. దీని మీద లేదు.

లోపలున్నవి జీలుగ గింజలు.

ఎక్కడివి సార్ అని అడిగాం. మారేడుమిల్లి టూర్‌కి పోయినప్పుడు రోడ్డు పక్కన ఏరామన్నారు. ఆ సారు వేళ్లు గోక్కుంటూనే ఉన్నారు, పండ్లను చేత్తో పిసికి గుజ్జు తీశారంట. మావాడు చెప్పాడు: “సార్, దాన్ని చేత్తో పిసక్కూడదు. నీళ్లలో నానేసి కుళ్లనివ్వాలి, తర్వాత ఇసకలో వేసి కర్రతో రాపాడించాలి.” ఆయన సంతోషపడి, “నీకెట్లా తెలుసు బాబూ?” అన్నారు. “అది మా జీలుగ సార్, మా ఇంటి వెనకాలే ఉంది” అన్నాడు వాడు. దానికి ఆయన అన్న మాట: “అవునా, అయితే అక్కడ నీకు తెలిసినోళ్లెవరైనా ఉంటే ఒక కిలో పంపించగలరా?”

తెలిసినోళ్లెవరైనా! వాళ్ల అమ్మానాన్నలు ఉండే ఊరది.

ఆ సారు చెడ్డ మనిషి కాదు. మాకు టీ ఇచ్చారు, గింజలు మొలకెత్తించే పద్ధతి ఓపిగ్గా నేర్పించారు. మా కొట్లాట ఆయనతో కాదు. ‘అడవి సేకరణ’ అనే ఆ రెండు మాటలతో. ఫ్లాట్ బాల్కనీలో కాసిన గింజకు యజమాని ఉంటాడు. మన ఊరి పొలిమేరలో కాసిన గింజకు మాత్రం ‘అడవి’ యజమాని. అంటే ఎవరూ లేరన్నట్టు.

ఈ సంగతి మా హాస్టల్లో ఒక సీనియర్ అన్నకు చెప్తే నవ్వాడు. “2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసింది. 1/70 ఉన్నా భూములు పోతూనే ఉన్నాయి. ఉద్యోగాల్లేక మనం చస్తుంటే మీకు గింజల గోలేందిరా?” అన్నాడు. ఈ పోస్టు ఆ అన్నకు జవాబు. ఆ అన్నలా అనుకునే మనందరికీ కూడా.

అన్నా, ముందు ఈ చెట్టు ఏందో చూడు. 1753లో లిన్నేయస్ దీనికి కార్యోటా యూరెన్స్ అని పేరు పెట్టాడు. యూరెన్స్ అంటే లాటిన్‌లో మంట పుట్టించేది అని. పండు గుజ్జులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, అవే చర్మంలో గుచ్చుకుని దురద పెడతాయి. ముట్టుకున్నోళ్లకు దురద గుర్తుండిపోయింది. దానితో బతికినోళ్లకు కల్లు, పిండి గుర్తుంటాయి. హైమెండార్ఫ్ కొండరెడ్ల మీద రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వచ్చింది. తిండి గింజలు అయిపోయిన నెలల్లో జీలుగ మాను లోపలి మెత్తటి భాగం నుంచి తీసిన పిండే వాళ్ల కడుపు నింపిన సంగతి అందులో ఉంది. మన ముసలమ్మలను అడిగితే పుస్తకం కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మన జిల్లాలో ‘పామ్’ అంటే జీలుగ కాదు, తాడి కాదు, ఈత కాదు. ఆయిల్ పామ్. అశ్వారావుపేట, దమ్మపేట రోడ్డెక్కితే రెండు పక్కలా అదే. 2021 ఆగస్టులో కేంద్రం దాని కోసం 11,040 కోట్ల రూపాయల మిషన్ ప్రకటించింది, ఇంకో 6.5 లక్షల హెక్టార్లలో వేయించాలని. ఆదాయం వస్తుంది, కాదనట్లేదు. మాలో ఒకడి చిన్నాన్న కూడా వేశాడు. కానీ ఆ గింజ సంగతి తెలుసా? తోటల్లో వేసేది టెనెరా అనే హైబ్రిడ్. డ్యూరా, పిసిఫెరా అనే రెండు రకాలను కలిపి తయారుచేస్తారు. నీ చెట్టుకు కాసిన గింజను నువ్వే నాటితే తల్లి గుణం అన్నిటికీ రాదు, సుమారు సగమే టెనెరా అవుతాయి, మిగతావి డ్యూరా, పిసిఫెరాలుగా విడిపోతాయి. అంటే ప్రతిసారీ నర్సరీ దగ్గరికే పోవాలి. పక్కింటి అత్తకు పిడికెడు ఇచ్చే గింజ కాదది.

జీలుగ గింజ అట్లాంటిది కాదు. ఎవరైనా ఏరొచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు. కానీ మేం అడిగిన నర్సరీలో అది లేదు. “అది అడవిలో దానంతట అదే మొలుస్తుంది కదా” అన్నారు.

ఈ మాట సగమే నిజం. పండు తిన్న మానుపిల్లి గింజను ఎక్కడో విసర్జిస్తుంది, అక్కడ మొలుస్తుంది. మన తాతల కాలంలో అది సరిపోయింది. ఇప్పుడెందుకు సరిపోదో మనవాళ్లకు నచ్చకపోయినా చెప్పాలి.

జీలుగ బతుకులో ఒక్కసారే పూతకొస్తుంది. మొదటి గెల పైన వేస్తుంది, తర్వాత ఒక్కొక్కటే కిందికి వేసుకుంటూ వస్తుంది. కొన్నేళ్లకు చివరి గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. తాడి అట్లా కాదు, ఏటా కాస్తూనే ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. కల్లు గీసిన గెలకు కాయ ఉండదు. చెట్టుకున్న గెలలన్నీ గీస్తే ఆ చెట్టు ఒక్క గింజ కూడా ఇవ్వకుండా చచ్చిపోతుంది. పిండి కోసం పూతకు ముందే నరికిన చెట్టుకు అసలు గెలే రాదు. మానుపిల్లి తిననిదే ఏం నాటుతుంది?

అయితే ఆదివాసులే చెట్టును చంపుతున్నారన్నమాట అని సంబరపడేవాళ్లుంటారు. ఆగండి. అడవి ఊరి చుట్టూ ఉన్నన్నాళ్లు, చెట్లు వందల్లో ఉన్నన్నాళ్లు అన్నీ గీసే అవసరమే లేదు. గీయని గెలలు, ఎవరూ ఎక్కని చెట్లు ఎప్పుడూ ఉండేవి. అడవిని తగ్గించింది మనం కాదు. రోడ్లు, కలప, ప్రాజెక్టులు, తోటలు అన్నీ అయ్యాక మిగిలిన నాలుగు చెట్ల మీద ఊరంతా ఆధారపడితే, ఆ తప్పు గీసేవాడిదా? పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు పోయిన మనవాళ్లను చూడండి. కట్టిన ఇల్లు ఇవ్వొచ్చు. తాత ఎక్కిన చెట్టును ఏ ప్యాకేజీ ఇస్తుంది?

తప్పు మనది కాదన్నది నిజమే. కానీ తప్పు ఎవరిదో తేలేలోపు చెట్టు ఆగదు. అది చివరి గెల వేసేసి పోతుంది.

అందుకే అన్నా, గింజల గోల అంటున్నాం. జల్, జంగల్, జమీన్ అని గోడల మీద మనమే రాస్తాం, కొమురం భీము బొమ్మ డీపీ పెట్టుకుంటాం. మేమూ పెట్టుకున్నాం. కానీ మా నలుగురిలో ఒక్కడు కూడా బతుకులో ఒక్క జీలుగ గింజ నాటలేదు. మణికొండలో బాల్కనీ తప్ప నేలే లేని సారు దాన్ని మొలకెత్తించడానికి నెలల తరబడి చూస్తున్నాడు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాం.

మనకు రాని పని కూడా కాదు. తాటి పండ్లు రాలే కాలంలో టెంకలు ఏరి, మెత్తటి మట్టిలో పాతరేసి, సంక్రాంతికి తేగలు తవ్వుకు తిన్నవాళ్లమే కదా! టెంకలోంచి వచ్చే కాడ ముందు నేలలోకి దిగుతుందని, ఆకు తర్వాత వస్తుందని మనకు చిన్నప్పుడే తెలుసు. మణికొండ సారు పుస్తకం చూసి నేర్చుకున్నది అదే. లోతు తక్కువ కుండీలో వేసి తాటి మొలక పోగొట్టుకున్నానని ఆయనే చెప్పారు. మన అమ్మకు ఆ సంగతి చెప్తే నవ్వుతుంది.

జీలుగకు చేయాల్సింది ఇదీ. పండు బాగా పండి ఎర్రబడ్డాక ఏరాలి, పచ్చివి వద్దు. చేతికి గ్లౌజు గానీ, మందంగా చుట్టిన కవరు గానీ ఉండాలి, కళ్లు ముట్టుకోవద్దు. బకెట్ నీళ్లలో కొన్ని రోజులు నానేసి, గుజ్జు కుళ్లాక ఇసకతో రుద్ది కడగాలి. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది. ఎండలో ఎండబెట్టొద్దు, గింజ ప్రాణం పోతుంది. కడిగాక రెండు రోజులు మంచినీళ్లలో ఉంచి, రోజూ నీళ్లు మార్చాలి. తర్వాత తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టులో కలిపి కవరులో మూసి, వెచ్చని నీడలో పెట్టాలి. ఆ తర్వాత ఓపిక పట్టాలి. నెలలు పడుతుంది. మొలవలేదని పారేయొద్దు. మొలక కనబడ్డాక లోతైన కవరులోకి మార్చాలి.

ఇంకో మూడు సంగతులు మనం ఊళ్లలో మాట్లాడాలి.

ఒకటి. గీసే ప్రతి చెట్టుకూ ఒక గెల గింజకు వదలాలి. ఇది మనం తాతకు నేర్పే సంగతి కాదు, ఊరి పెద్దలతో కూర్చుని అడిగే సంగతి. “తాతా, నీకు తెలిసినన్ని చెట్లు ఇప్పుడు లేవు కదా, ఒక గెల వదులుదామా?” అని. డిగ్రీ చదువుతున్నామని పెద్ద గొంతేసుకుని పోతే చెట్టు దగ్గరికి కూడా రానివ్వరు, రానివ్వకపోవడమే న్యాయం.

రెండు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యాన్ని అందుకునే హక్కు, దానికి సంబంధించిన మన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు ఇచ్చింది. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. సెలవులకు పోయినప్పుడు పంచాయతీలో ఆ రిజిస్టరు అడగండి. అందులో జీలుగ ఉందా? ఉంటే ఎవరు చెప్పారని రాశారు? లేకపోతే గ్రామసభలో రాయించండి. భూమికి పట్టా అడిగేవాళ్లం, చెట్టుకు పేరు అడగలేమా?

మూడు. మన గింజ మనమే పంచుకుందాం, పేరుతో పంచుకుందాం. కవరు మీద ఊరు, ఏరిన రోజు, చెట్టు ఎవరి వాడకంలో ఉంది, వాళ్లకు ఇష్టమైతే వాళ్ల పేరు. ముంపు కాలనీల్లో ఉన్న మన చుట్టాలకు ముందు ఇద్దాం. మణికొండ సారుకూ ఇద్దాం. గింజ దాచుకోవడం మన అలవాటు కాదు, విత్తనాల పండగ చేసుకునే జాతులం మనం. కానీ ఆయనకిచ్చే కవరు మీద కూడా ఊరి పేరు ఉండాలి. అది ఉంటేనే ఇద్దాం.

దీంతో జీవో 3 తిరిగొస్తుందా అని ఆ అన్న మళ్లీ అడగొచ్చు. రాదు. ఆ కొట్లాటకు పిలిస్తే మేమూ వస్తాం. కానీ మన నేల మీద ఉన్నదానికి ఎవరూ యజమాని కాదు అనే మాటతోనే కదా భూములు పోయింది! ఆ మాటే గింజ కవరు మీద కనబడితే ఊరుకుని, పట్టా కాగితం మీద కనబడినప్పుడే కోపం తెచ్చుకుంటే ఎట్లా?

జీలుగ పూతకు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. మాకిప్పుడు ఇరవై. ఈసారి సెలవుల్లో నాటితే అది కల్లిచ్చే నాటికి మేం ముప్పై దాటుతాం. అప్పటికి మాకు ఉద్యోగాలు వచ్చి ఉంటాయో లేదో తెలియదు. ఊళ్లో చెట్టైతే ఉంటుంది. దానికి ఒక గెల వదలమని మా పిల్లలు మాకు చెప్పాల్సిన పని రాకూడదు.

మారేడుమిల్లి వాడు ఇంటికి ఫోన్ చేశాడు. గింజలు కావాలన్నాడు. వాళ్లమ్మ “ఎందుకురా, పట్నంలో జీలుగ ఎవరెక్కుతారు?” అంది. కిందటి వారం బస్సులో ఒక సంచి వచ్చింది. కడిగాం, నానేశాం, పొట్టులో పెట్టాం. హాస్టల్ కిటికీ దగ్గర నాలుగు కవర్లున్నాయి. ప్రతిదాని మీదా ఊరి పేరు రాశాం, కింద అమ్మ పేరు రాశాం.

మీ ఊళ్లో ఎన్ని జీలుగ చెట్లు మిగిలాయో, ఎన్నిటికి కాయ ఉందో లెక్కేసి చెప్పండి. గింజలు కావాల్సినోళ్లు అడగండి.

జై ఆదివాసీ.