వైజాగ్ రేవు, నేపాల్ పెట్టె, మధ్యలో ఒక తాళం

నేపాల్‌కి సముద్రం లేదని అయిదో క్లాసు పిల్లాడైనా చెప్తాడు. కానీ నేపాల్ వాడుకునే సముద్రంలో ఓ ముక్క మన విశాఖపట్నంలో వుందని వైజాగ్ వాళ్ళలోనే ఎంతమందికి తెలుసో నాకు అనుమానం. చాలా ఏళ్ళు వాళ్ళకి కలకత్తా, హల్దియాలే దిక్కు. 2016లో రెండు ప్రభుత్వాలూ లేఖలు మార్చుకుని వైజాగ్‌ని కూడా చేర్చాయి. ఆ మరుసటేడు కంటైనర్లు ఇక్కణ్ణించి రైలెక్కి సరిహద్దులోని బీర్‌గంజ్‌కి పోవడం మొదలెట్టాయి.

కలకత్తా నించి బీర్‌గంజ్ సుమారు 700 కిలోమీటర్లు. వైజాగ్ నించి దానికి రెట్టింపు. రెట్టింపు దూరం ఎవడు పోతాడండీ అంటారా? పోతారు. కలకత్తాది నదీ రేవు. హుగ్లీలో పూడిక, లోతు తక్కువ, పెద్ద ఓడలు రాలేవు. సరుకుని ఏ కొలంబోలోనో సింగపూర్లోనో చిన్న ఓడలోకి మార్చుకోవాలి. వైజాగ్‌కి పెద్ద ఓడ నేరుగా వస్తుంది.

అయితే అసలు తంటా దూరంతో కాదు, కాయితంతో. నేపాల్ సరుకు మన రేవులో దిగితే కస్టమ్స్ వాళ్ళు సీలు వేసి ఓ పత్రం ఇచ్చేవారు. ఆ పత్రం సరుకుతోపాటు సరిహద్దుకి వెళ్ళాలి, అక్కడ ముద్ర పడాలి, మళ్ళీ వెనక్కి రేవుకి రావాలి. అప్పుడుగానీ ఫైలు మూసేవారు కాదు, దిగుమతిదారు ఇచ్చిన హామీ విడుదలయ్యేది కాదు. నెట్‌వర్కుల్లో పనిచేసేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది: ప్యాకెట్ చేరిందన్న కబురు మనిషి చేతిలో, రైల్లో రావడమన్నమాట! ఈలోగా కంటైనర్ అద్దె, రేవులో జాగా అద్దె పెరుగుతూనే వుంటాయి. అవన్నీ చివరికి కట్టేది ఖాట్మండూలో ఫ్రిజ్జు కొనుక్కునే గుమాస్తా.

మన కస్టమ్స్ వాళ్ళ భయం ఉత్తిదని అనను. తెరిచివున్న సరిహద్దు, రెండువైపులా వేర్వేరు సుంకాలు. నేపాల్ పేరుతో దిగింది దారిలోనే బీహార్లో దిగిపోతే? ఆ భయానికి జవాబుగా 2019లో ఎలక్ట్రానిక్ సీలు పెట్టారు. జీపీఎస్‌తో పెట్టె ఎక్కడుందో తెలుస్తుంది, మధ్యలో తెరిస్తే కబురొస్తుంది. కాయితం ఊరేగింపు తప్పింది. బీర్‌గంజ్ దాకా బాధ్యత ఓడ కంపెనీదే అయింది. నా దృష్టిలో ఈ ప్రాంతంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటి. కానీ దీనికి శంకుస్థాపన ఫొటో వుండదు కదా, పేపర్లకి పట్టలేదు. మనకి కారిడార్లు కావాలి! 2002 నించీ చెప్పుకుంటున్న భారత్-మయన్మార్-థాయిలాండ్ హైవే ఇంకా పూర్తవలేదు. 2015లో థింపూలో నాలుగు దేశాలు సంతకం చేసిన వాహనాల ఒప్పందాన్ని భూటాన్ పార్లమెంటే ఆమోదించలేదు.

తాళం బానే వుంది. తాళంచెవి సంగతేమిటి? 1989లో ఒప్పందం గడువు తీరగానే మనం రెండు మార్గాలు వుంచి మిగతావి మూసేశాం. 2015లో మళ్ళీ నెలల తరబడి లారీలు ఆగిపోయాయి. అది మధేసీల ఆందోళన వల్ల, మా ప్రమేయం లేదు అంది మన ప్రభుత్వం. గ్యాస్ బండ దొరకనివాడు ఆ మాట నమ్ముతాడా? 2016 మార్చిలో నేపాల్ వెళ్ళి చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. హిమాలయాలు దాటి సరుకు తేవడం ఎంత కష్టమో వాళ్ళకి తెలీక కాదు. ఒక్క తలుపున్న ఇంట్లో వుండేవాడు గోడకి కన్నం పెట్టుకోడా మరి?

కరెంటు దగ్గరా ఇదే కథ. 2024 నవంబరులో నేపాల్ విద్యుత్తు మన తీగల మీదుగా మొదటిసారి బంగ్లాదేశ్ చేరింది. ఎంతనుకున్నారు? 40 మెగావాట్లు. మూడు దేశాలు ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటే ఇంత. పైగా చైనా పెట్టుబడో, చైనా కాంట్రాక్టరో వున్న ప్రాజెక్టు కరెంటు మనం కొనం. పెట్టుబడి గురించి అభ్యంతరం నాకు కొంత అర్థమవుతుంది. కాంక్రీటు పోసినవాడు చైనావాడైతే ఆ కరెంటులో దోషమేమిటో మాత్రం ఎవరైనా విద్యుత్ శాఖవారు వివరిస్తే వినాలని వుంది.