సూదియు, సేద్యమును

"అన్నవస్త్రములకు పోయిన ఉన్న వస్త్రము ఊడినది" అను సామెతను మన పెద్దలు నవ్వుచు చెప్పిరి. వేములఘాట్ ప్రజలకు అది నవ్వు పుట్టించు మాట కాదు. సిద్దిపేట జిల్లా తొగుట మండలమందు మొన్నమొన్నటివరకు ఆ పేరుగల గ్రామ మొకటి యుండెను. కాళేశ్వరము పథకమున భాగముగా 50 టి.ఎం.సి.ల నీరు నిలుపుటకై తలపెట్టిన మల్లన్నసాగర్ జలాశయము క్రింద ఆ గ్రామమును, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మొదలగు పొరుగు గ్రామములును పోయినవి. 2016 జూన్ మాసమున వేములఘాట్ రైతులు రిలే నిరాహారదీక్షలకు పూనుకొని వందలకొలది దినములు వానిని నడపిరి. అయినను 2021 నాటికి ఊరు ఖాళీ యయ్యెను. 2022 ఫిబ్రవరి 23వ తేదీన జలాశయమునకు ప్రారంభోత్సవము జరిగెను. ఆ జనులకు గజ్వేల్ చెంత ముట్రాజ్‌పల్లిలో పునరావాస కాలనీ కట్టి యిచ్చిరి. ఊరు లేదు, ఊరి పేరు మాత్రము వారి నాలుకలపై నిలిచియున్నది.

ఇట్టి నిర్వాసితుల ప్రసంగము వచ్చినపుడెల్ల మన పట్టణములలోని పెద్దమనుష్యుల నోట ఒక మాట వినబడుచుండును. "మగవారికి ఎచ్చటనో కూలి దొరకును. ఆడువారు ఊరక కూర్చుండనేల? ఇంటికొక కుట్టుమిషను ఇచ్చి, మూడు మాసములు నేర్పిన చాలును. నీడపట్టున కూర్చుండి సంపాదించుకొందురు." ఈ మాట యనువారిలో దుర్మార్గులు తక్కువ, సదుద్దేశము గలవారే ఎక్కువ. అందువలననే దీనిని ఖండించుట మఱింత యవసరమని మేము తలచుచున్నాము. దుర్మార్గుని మాటను జనులు నమ్మరు. సజ్జనుని పొరపాటును శాసనమువలె శిరసావహింతురు.

మా మతమును మొదటనే చెప్పివేయుదుము. సూది గొప్పది. ప్రతి యింటను, ప్రతి చేతను ఉండదగినది. కాని అది యింటిని నిలుపుకొనుటకు సాధనమే కాని, పోయిన పొలమునకు మాఱువెల కాదు. పొలమును పుచ్చుకొని సూదిని చేతబెట్టువాడు పొలమును మాత్రమే కాదు, సూదినిగూడ అవమానించుచున్నాడు.

సూదియొక్క గొప్పతనమును మేము మాటవరుసకు ఒప్పుకొనుట లేదు. తెలంగాణపు పల్లెలో బొంత లేని యిల్లు కలదా? చినిగిన చీరలు నాలుగైదు పొరలుగా పఱచి, అంచునుండి నడిమికి టాకాలు వేసికొనుచు వచ్చి, అవ్వ కుట్టిన బొంతపై పండుకొనని బిడ్డ కలడా? పురిటిబిడ్డకు క్రొత్తబట్ట తగదనియు, పలుమాఱులు ఉతికి మెత్తబడిన నూలుగుడ్డయే తగుననియు ఆ అవ్వకు ఏ వైద్యుడును చెప్పలేదు. చీర యేచోట ముందుగా చినుగునో, ఏచోట కడవఱకు గట్టిగా నుండునో ఆమె యెఱుగును. మడమ తగులు అంచు పోవును. కుచ్చెళ్ళ దిగువభాగము పోవును. లోపలి చుట్టు నిలుచును. అయిదున్నర మీటర్ల చీరలో ఆ నిలిచినభాగమునుండి ఆడపిల్లకు పావడ, తలగడకు గలీబు, మిగిలిన పీలికలతో గింజలు పోసికొనుటకు చిన్న సంచులు వచ్చును. ఆ పీలికలును మిగిలినచో దీపపు వత్తులగును. ఇంత లెక్కతో ఒక వస్తువును కడదాక వాడుకొను విద్యకు గృహశాస్త్రమని పేరిడి పాఠశాలలలో బోధింపవచ్చును. మన మా విద్యను 'పాతగుడ్డల పని' యని తీసివైచితిమి.

"బజారులో కుట్టిన బట్ట చౌకగా దొరకుచుండగా ఇంట కుట్టుకొనుట వెఱ్ఱితనము కాదా?" యని కొందఱు విద్యావంతులు ప్రశ్నింతురు. వారు ఆ చౌకబట్టను ఒకమాఱు తిరుగవేసి చూతురుగాక. కుట్టుకు ఆవల వదలిన గుడ్డ గోరంత యుండదు. అంచుమడత ఒక్కటే, దానిని విప్పి పొడిగింప వీలులేదు. బిడ్డ రెండంగుళములు పెరిగిన నాడు ఆ అంగీ మూలబడును. ఇంట కుట్టిన పావడకు తల్లి దిగువన రెండు మూడు మడతలు వైచి యుంచును. ఏటికొక మడత విప్పును. ఒక పావడ మూడేండ్లు బిడ్డతోపాటు పెరుగును. క్రొత్త నూలుగుడ్డను కత్తిరింపకముందే తడిపి ఆరవేయుట, చంకలో బిగువు తగులకుండ చౌకపుముక్క చేర్చుట, గుండీ పీకిన గుడ్డ చినుగకుండ వెనుక చిన్న మాసిక వేయుట — ఇవియన్నియు ధరించువానియెడ ప్రేమ గలవారు చేయు పనులు. అమ్మువానికి వీనితో పని లేదు. అమ్మినక్షణమున వాని బాధ్యత తీరినది. తల్లి బాధ్యత అప్పుడే మొదలయినది.

ఊరిలోనున్నంత కాలము ఈ పొదుపు ఒక మంచి యలవాటు. ఊరు పోయినవారికి అది ప్రాణావసరము. పొలమున్న యింట కొనక వచ్చునవి ఎన్నియో కలవు. గట్టుమీది కూర, చెట్టుక్రింది చింతపండు, దొడ్డిలోని పాలు, పొయిలోనికి పత్తికట్టె — వీనికి ఏ అధికారియు వెలకట్టలేదు, ఏ నష్టపరిహారపు పట్టికలోను వీనికి గడి లేదు. కాలనీలో ఇవియన్నియు కొనవలసినవే. చేతికందిన సొమ్ము ఏ సంచిలోనుండి ఏ చిరుగున జారిపోవుచున్నదో తెలియదు. అట్టి యింట కనీసము బిడ్డల లంగా, తండ్రి లాగు, బడిసంచి, బొంత, చినిగినదానికి మాసిక — ఇవి ఇంటనే యగుట మిక్కిలి మేలు. అందుచేత సూదిని నేర్పుడనియే మేమందుము. కాని ఎవరికి నేర్పవలెను, ఎందులకు నేర్పవలెను అనునదే మా వివాదము.

ఎవరికి? "ఆడువారికి" అని వెంటనే బదులు వచ్చును. మన పల్లెలలో బట్టలు కుట్టుట తరతరములుగా మేరవారి వృత్తి. అరుగుపై యంత్రము పెట్టుకొని, మెడలో కొలతటేపు వేసికొని, ఊరివారి అంగీలు, రవికలు కుట్టినది మగవాడే. అప్పుడు సూది పట్టినందువలన అతని మగతనమునకు ఏ లోపమును కలుగలేదు. కూలి ముట్టునంతవఱకు సూది మగవానిది. కూలి లేని మాసిక వేయవలసివచ్చినపుడు అదే సూది ఆడుదానిది! ఇదెక్కడి ధర్మము? 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగినపుడు, దానితోపాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను స్త్రీల సభయు జరిగెను. వేములఘాట్ గ్రామమును నాటి ఆ మెదకు జిల్లాలోనిదే. తొంబదియేండ్లు గడచినను స్త్రీయొక్క పని యనగా వంటయు కుట్టుయునే యని మన పెద్దలు తలచుచుండుట చూడ మాకు సిగ్గు కలుగుచున్నది. బడిలో బాలురకును బాలికలకును సమముగా సూదిపని నేర్పవలెను. తన గుండీని తాను కుట్టుకొనలేని యువకుడు, ఎన్ని పరీక్షలలో కృతార్థుడైనను, సగము పరాధీనుడే.

"ఊరక కూర్చున్న ఆడువారు" అను మాటకును ఇచ్చటనే సమాధానము చెప్పవలసియున్నది. నాట్లు వేసినదెవరు? కలుపు తీసినదెవరు? పత్తి ఏఱినదెవరు? పల్లెలో స్త్రీ ఏనాడును ఊరక కూర్చుండలేదు. మడిలో నిలువబడి పనిచేయుచుండినదానిని మనము తెచ్చి నాలుగు గోడల నడుమ కూర్చుండబెట్టి, ఇప్పుడు ఊరక కూర్చున్నావేమి యని అడుగుచున్నాము. ఆమె పనిని లాగికొన్నవారే ఆమెకు పని నేర్పుదుమని బయలుదేరుట వింతలలోకెల్ల వింత.

ఇక ఎందులకు నేర్పవలెననునది. జీవనోపాధికని వారందురు. చదువరులారా, ఒక్క లెక్క వేయుడు. పల్లెలో దర్జీ ఎట్లు బ్రదికెను? పంట యింటికి వచ్చినపుడు రైతు బట్ట కొనెను. బతుకమ్మకు, దసరాకు, పెండ్లికి కుట్టించెను. రైతు గాదె నిండిన దర్జీ కుండలో గింజలు పడెను. ఇప్పుడు గాదెయే లేదు. ఎనిమిదివందల గడపల కాలనీలో ఎనిమిదివందల యంత్రములు పెట్టితిమనుకొనుడు. కుట్టువారందఱే, కుట్టించుకొనువా రెవరు? అందఱు అమ్మువారైన అంగడిలో బేరము జరుగునా? పైగా ఊరితోపాటు ఊరిదర్జీయు వచ్చి అదే కాలనీలో నున్నచో, అతని నోటికాడి కూటిని పొరుగింటి యిల్లాలిచేత లాగించినవార మగుదుము. ఒక పేదకు మేలుచేయుటకై మఱియొక పేదను పోటీకి నిలుపుట దయ యనిపించుకొనదు.

యంత్రమును మేము ద్వేషించుట లేదు. 1830లో ఫ్రాన్సునందు తిమోనియే యను దర్జీ కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందెను. మఱుసటి యేట తమ బ్రతుకు పోవునను భయమున దర్జీలు వాని కర్మాగారముపై బడి యంత్రములను పగులగొట్టిరి. 1851లో అమెరికాలో సింగరు తన యంత్రమునకు హక్కు సంపాదించెను. యంత్రములను శంకించిన గాంధీజీ సైతము 1924లో జరిగిన సంభాషణలో సింగరు యంత్రమును ప్రత్యేకించి మినహాయించెను. శ్రమపడు భార్యపై ప్రేమచే పుట్టిన యంత్రమని ఆయన భావము. ఆ భావమునే మేమును గ్రహింతుము. ఇంటివారి శ్రమ తగ్గించుటకు వచ్చిన యంత్రము మేలు. ఇంటివారి హక్కు తగ్గించుటకు వచ్చిన యంత్రము కీడు.

"సంఘముల ద్వారా పని యిచ్చుట లేదా?" యని మఱియొక యాక్షేపణ. ఇచ్చిరి. 2020లో మహమ్మారి వచ్చినపుడు మహిళాసంఘములవారు ఇంటింట ముఖకవచములు కుట్టిరి. 2024లో తెలంగాణ ప్రభుత్వము బడిపిల్లల ఏకరూప దుస్తుల కుట్టుపనిని మహిళాసంఘములకు అప్పగించెను. మంచిపనియే, మేము హర్షింతుము. కాని బడులు తెఱచుటకు ముందు కొన్ని వారములు రాత్రింబవళ్ళు త్రొక్కి, తక్కిన యేడంతయు యంత్రముపై గుడ్డ కప్పి యుంచునది ఆదరువే కాని ఆధారము కాదు. పొలము అట్టిది కాదు. ఒక యేడు ఎండినను మఱుసటి యేటికి అది అచ్చటనే యుండును. బిడ్డకు వారసత్వముగా సంక్రమించును. కుట్టుకూలిని ఎవడును బిడ్డకు వ్రాసి యియ్యలేడు.

ఇంతకును మేము క్రొత్తగా కోరున దేమియు లేదు. 2013 భూసేకరణ చట్టమును చదివినచో చాలును. నీటిపారుదల పథకముల కొఱకు భూమి పోయిన కుటుంబమునకు, సాధ్యమైనంతవఱకు, ఆ పథకపు ఆయకట్టులోనే కనీస మొక ఎకరము భూమి యియ్యవలెనని అందున్నది. భూమి లేకున్నను ఆ యూరిలో మూడేండ్లుగా పనిచేసి బ్రదుకుచుండిన కూలీలు, కౌలుదారులు, చేతిపనివారు సయితము బాధితకుటుంబములే యని అందున్నది. చేతిపనివారికి కనీసము 25,000 రూపాయలు ఒకేమాఱు ఇయ్యవలెననియు అందున్నది. అనగా మన మేరవాడును, అతని సూదియు చట్టము కంటికి కనబడినవి! ఈ చట్టమును ప్రక్కకుబెట్టి నేరుగా భూములు కొనుటకు 2015లో వెలువడిన 123వ ఉత్తర్వును, వ్యవసాయకూలీలు మొఱపెట్టుకొనగా, 2016 ఆగస్టులో హైకోర్టు న్యాయమూర్తి కొట్టివేసిరి. ఆ తరువాత వ్యాజ్యము పై ధర్మాసనమునకు పోయి అనేక మలుపులు తిరిగెను. కాని కూలివాని జీవనముగూడ లెక్కలోనిదే యను ధర్మము ఏ మలుపున పడి పోవునది కాదు.

"సాధ్యమైనంతవఱకు" అను ఎనిమిది అక్షరముల సందున ఎకరము జారిపోవుచున్నది. దాని చోటున కుట్టుయంత్రము వచ్చి కూర్చుండుచున్నది. కత్తెర పట్టినవారికి తెలియును: ఒకమాఱు కత్తిరించిన గుడ్డ మరల కలియదు, అతుకుట మాత్రమే కలదు. అతుకు వేయువాడు అదే జాతి గుడ్డను వెదకి వేయును. నూలుచీరకు గోనెపట్ట అతుకడు. భూమి పోయినచోట భూమియే అతుకు.

కావున మా విన్నపములు ఇవి. ఎకరమునకు బదులుగా యంత్రము నియ్యకుడు. చట్టము చెప్పిన దానిని ముందు తీర్చి, ఆపైన కానుకలు పంచుడు. పునరావాస కాలనీల బడులలో బాలబాలికలకు సూదిపని నేర్పుడు. ఊరికొక యంత్రశాల యేర్పఱచి, ఎవరింటి గుడ్డను వారు కుట్టుకొనుటకు నాలుగైదు యంత్రములు అందఱి సొత్తుగా నుంచుడు. ఊరిదర్జీని జీతమిచ్చి అచ్చట గురువుగా కూర్చుండబెట్టుడు. అప్పుడు అతని వృత్తియు నిలుచును, ఇండ్లకు పొదుపును కలుగును.

వేములఘాట్ యిల్లాలు నేడు తన బిడ్డకు బొంత కుట్టినచో, అది తన ప్రేమచే కుట్టవలెను. తనకు జరిగిన అన్యాయమును కప్పుటకు కాదు. ఆ యన్యాయమును కప్పగల బొంతను ఇంకను ఎవరును కుట్టలేదు.